రివెట్ల కింద అర్ధచంద్రాలు

ఆ ఉత్తరం మీద నేను సంతకం చేయలేదు. ఈ జ్ఞాపకాన్ని ఎక్కడ మొదలుపెట్టాలని ఆలోచించిన ప్రతిసారీ ఆ వాక్యమే ముందుకు వస్తుంది. కనుక అక్కడే మొదలుపెడతాను.

ఉత్తరం ఇంగ్లీషులో, నాలుగే వాక్యాలు. సికింద్రాబాదు నుంచి నాగపూరు మీదుగా ఢిల్లీ దాకా లారీలు నడిపే ఒక రవాణా కంపెనీకి మా దుకాణం రాసుకుంటున్న సంజాయిషీ అది. వారి ఆరు లారీలకు మేము తొడిగిన బొమ్మల పొర, వినైల్ ఫిల్మ్, నెల తిరగకుండానే లేచిపోయిందనీ, అందుకు కారణం అంటించిన పనివాడి అజాగ్రత్త అనీ, అతణ్ణి పనిలోంచి తొలగిస్తున్నామనీ, మిగిలిన లారీలకు వేరే మనిషిని పెడతామనీ అందులో ఉంది. పనివాడి పేరు టైపు చేసి ఉంది. అడుగున ఒక గీత. గీత కింద ‘టెక్నికల్ సూపర్‌వైజర్’ అని నా హోదా.

మా దుకాణం రెజిమెంటల్ బజార్‌లో ఉండేది. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో ఫిల్మ్ మీద రంగుల బొమ్మలు అచ్చువేసే యంత్రం. ఆ సందులోకి లారీ రాదు కనుక అంటించే పనికి యాప్రాల్ అవతల ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు మా యజమాని. చుట్టూ ప్లాట్ల హద్దురాళ్ళు పాతి ఉన్న ఖాళీ నేల. మధ్యలో మా షెడ్డు, దాని ముందు లారీ.

నేను చదివింది కెమికల్ టెక్నాలజీ, అందులో పాలిమర్లు. మా తరగతిలో ముప్పాతిక మంది చివరి సంవత్సరం పరీక్షలు రాసిన వారానికే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోయారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఏ ఇంట్లో పెళ్ళిచూపులు జరిగినా, ఏ బస్సులో పక్కసీటు దొరికినా ఒకటే ప్రశ్న: ‘ఏ సాఫ్ట్‌వేర్?’ మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినా ఆ యాస వదల్లేదు.

“ఏటమ్మా ఇది? నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివింది లారీలకి స్టిక్కర్లంటించడానికేటి?”

“స్టిక్కర్లు కావు నాన్నా. ఫిల్మ్.”

“పేరు మారిస్తే పని మారిపోద్దేటి?”

పేరు మార్చలేదు నేను. స్టిక్కరు అంటే పిల్లలు పలక మీద అతికించుకునేది. నా చేతిలో ఉన్నది వెంట్రుక కంటే సన్నని పొర. కరిగించి పోసి ఆరబెట్టిన కాస్ట్ ఫిల్మ్. రోలర్ల మధ్య సాగదీసి తయారుచేసే చవకరకానికి తన పాత కొలతకు ముడుచుకుపోవాలనే గుణం ఉంటుంది, దీనికి ఉండదు. వెనక అక్రిలిక్ జిగురు, పైన ఎండ తగలకుండా ఇంకొక పారదర్శకమైన పొర. నాగపూరు దారిలో వేసవి మధ్యాహ్నం లారీ రేకు మీద చేయి ఆనించలేము. అదే రేకు ఉత్తరాదిలో డిసెంబరు తెల్లవారుజామున మంచుగడ్డలా ఉంటుంది. రేకు సాగుతుంది, ముడుచుకుంటుంది. దానితోపాటు సాగి, దానితోపాటు ముడుచుకుని, రంగు వెలిసిపోకుండా, ఐదేళ్ళు ఆ పొర నిలవాలి. ఇది చిన్న ప్రశ్న అని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. పైగా ఆ అద్దాల మేడల్లో బల్లల మీద కూర్చున్న మానిటర్లలో చాలా వాటిని మోసుకొచ్చింది మా చేతుల మీదుగా పోయిన లారీలే. నీలం రంగు మీద పెద్ద భూగోళం, దాని చుట్టూ తెల్లని తీగలు. అదీ ఆ రవాణా కంపెనీ బొమ్మ. ముప్ఫై లారీలకు అదే బొమ్మ వేయాలి. మొదటి విడత ఆరు.

ఆ ఆరింటికీ ఫిల్మ్ అంటించినది పెయింటరన్న. షెడ్డులో అందరూ అలాగే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. పుట్టింది సికింద్రాబాదులోనే. పాతికేళ్ళు లారీలకు చేత్తో బొమ్మలు గీసిన మనిషి: నెమళ్ళు, తామరలు, పరుగెత్తే గుర్రాలు, వెనక తలుపు మీద ‘హారన్ ప్లీజ్’. కంపెనీలు ఒక్కొక్కటే ఫిల్మ్ వైపు మళ్ళడంతో బొమ్మలు గీసే పని తరిగిపోయింది. యాభై దాటాక మా షెడ్డుకు వచ్చి, మొదటి రోజు ఫిల్మ్ చుట్టను వేలితో తట్టి చూసి అన్నాడు:

“బొమ్మ గియ్యరానోళ్ళు బొమ్మ అంటిస్తరన్నమాట. మంచిగుంది మేడం. ఇగ అన్నం సుత అంటించుకుందం.”

ఎగతాళి చేస్తూనే నేర్చుకున్నాడు. మూడు నెలల్లో నేను చూసిన పనివాళ్ళందరిలోకీ మేలైన చేయి అయింది అది. చదునైన రేకు మీద ఎవరైనా అంటించగలరు. లారీ డబ్బా చదునుగా ఉండదు. ఒక రేకు అంచు మీద ఇంకొక రేకు మూడు వేళ్ళ వెడల్పున ఎక్కుతుంది. ఆ అతుకు పొడవునా వరసగా రివెట్లు, ఒక్కొక్కటి చిన్న గోళీలా పైకి ఉబికి. ఫిల్మ్‌ను ఆ గోళీ మీద పరిచి, వేడిగాలి తగిలించి, మెత్తని గుండ్రటి బ్రష్షుతో చుట్టూ తిప్పుతూ అదమాలి. ఒక లారీకి అటువంటి రివెట్లు వందల్లో ఉంటాయి. పెయింటరన్న ఒక్కొక్క దానినీ వేలితో తడిమి గాని ముందుకు కదిలేవాడు కాదు. నేను పక్కన నిలబడి రేకు వేడిని థర్మామీటరుతో చూసి రిజిస్టరులో రాసేదాన్ని.

ఆరు లారీలు వెళ్ళాయి. నాలుగో వారంలో ఆరూ ఒకే జబ్బుతో తిరిగి వచ్చాయి. భూగోళం మీద బొబ్బలు, అతుకుల వెంట పొర లేచి గాలికి టపటపలాడుతోంది. ఒక లారీకైతే సముద్రాలు మొత్తం చిరిగి దారిలోనే పోయాయి.

ఆ మర్నాడే ఉత్తరం టైపు అయింది. మా యజమాని చెడ్డవాడు కాదు. అప్పు చేసి యంత్రం కొన్న భయస్థుడు.

“మేడం, మనకు ఇంక ఇరవై నాలుగు బండ్లున్నయ్. ఆ కంపెనీ మేనేజర్‌కు ఎవలో ఒకడు కావాలె. ఒక్క సంతకం పెట్టు, కిస్సా ఖతం.”

“ఆయన పనిలో లోపం ఉందని నేను ఇంకా తేల్చలేదు.”

“ఇంక తేల్చేదేముంది? ఊడింది గదా! అంటించిందెవరు? ఆయనే గదా!”

“ఈ ఉత్తరం పోతే ఆయనకు ఈ ఊళ్ళో ఇంకొక చోట పని దొరుకుతుందా?”

యజమాని ఉత్తరాన్ని నా వైపు ఇంకొంచెం జరిపాడు. జవాబు ఇద్దరికీ తెలుసు. రెజిమెంటల్ బజార్‌లో ఫిల్మ్ పని చేసే దుకాణాలు అన్నీ కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక దుకాణంలో పొద్దున అన్న మాట సాయంత్రానికి చివరి దుకాణంలో వినబడుతుంది. బొమ్మలు గీసే పని ఎలాగూ పోయింది. ఇది కూడా పోతే ఆ చేతులకు మిగిలేది ఏమీ లేదు.

“నేను పెట్టను,” అన్నాను. “కారణం తెలియకుండా మనిషి పేరు రాయడం నా చదువులో లేదు. నాకు లారీలు కావాలి. రెండు రోజులు.”

“నీ చదువు పెద్దదే. మరి నా దుకాణం?”

“పెట్టను.”

యాప్రాల్ వెళ్ళి ఆరు లారీలనూ అతుకు అతుకునా చూశాను. పెయింటరన్న దూరంగా సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. ఉత్తరం సంగతి అప్పటికే ఆయనకు తెలుసు. దగ్గరకు రాలేదు. నేనూ రమ్మనలేదు, ఆయన చేతి పనినే నేను పరీక్షిస్తున్నాను, పక్కన ఆయన ఉండటం సరికాదు.

ఫిల్మ్ ఎందుకు లేచిందో అది లేచిన ఆకారమే చాలావరకు చెబుతుంది. రివెట్టు చుట్టూ సరిగా అదమకపోతే గాలి నిలిచి చుట్టూ సమానంగా ఒక వలయం ఏర్పడుతుంది. అంచులు సరిగా నొక్కకపోతే అంచు నుంచి లోపలికి లేస్తుంది. ఇక్కడ అంచులు చెక్కుచెదరలేదు. రివెట్ల దగ్గర వలయాలు లేవు. ప్రతి రివెట్టు కిందా, కిందివైపు మాత్రమే, ఒక అర్ధచంద్రం. అతుకు కింద కూడా అంతే. రేకు పెదవి నుంచి కిందికి జారినట్టు నాలుకలు నాలుకలుగా. పైవైపు బిగువుగా పట్టుకునే ఉంది.

ఇలా కిందివైపుకే పాకేది ద్రవం ఒక్కటే. ఏదో ఒకటి అతుకు లోపలి నుంచి కిందికి కారింది.

ఒక అర్ధచంద్రాన్ని బ్లేడుతో కోసి పొర ఎత్తి చూశాను. జిగురు గట్టిగా లేదు, పొడిగా కూడా లేదు; తేనెపాకంలా తీగలు సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిలు.

లారీ దగ్గర డీజిలు వాసన రావడం ఎవరికి వింత? అందుకే ఎవరమూ పట్టించుకోలేదు. కాని ఇంజను నుంచి ఇరవై అడుగుల దూరంలో, డబ్బా మధ్యలో, ఫిల్మ్ కింద దానికేం పని?

ఆరింట్లో ఒక లారీ డ్రైవరు అక్కడే ఉన్నాడు. నడివయసు మనిషి, జనగామ వైపు వాడు. ఫిల్మ్ వేయించడానికి తెచ్చే ముందు బండికి ఏమైనా పూశారా అని అడిగాను. అడగడంలో నిష్ఠూరం ఉందనుకున్నాడో ఏమో, నొచ్చుకున్నాడు.

“పూసుడేందక్కా? కొత్త బట్టలు కట్టేముందు నెత్తికి నూనె వెట్టుకోని తానం జెయ్యమా? బండికి సుత గంతే. మంచిగ కడిగి, డీజిల్ గుడ్డతోని రుద్ది రుద్ది, అద్దం లెక్క చేసి తోల్కొచ్చిన. ఆరు బండ్లోళ్ళం గట్లనే చేసినం. రెండు రోజులు పట్టింది.”

“కంపెనీ వాళ్ళు చెప్పారా అలా చేయమని?”

“ఒకలు చెప్పాల్నా? మా బండి గదా! మాసిన బండిని తెచ్చి మీ ముంగట నిలబెడ్తే మా ఇజ్జత్ ఏం గావాలె?”

విషయం ఇప్పుడు స్పష్టమైంది. రుద్దిన డీజిలు రేకుల అతుకులోని సన్నని సందులోకి పీల్చుకుపోయింది. అంటించే ముందు మేము స్పిరిట్‌తో తుడిచింది పైభాగాన్నే. లోపల దాగిన దానిని ఏ గుడ్డా చేరలేదు. దారిలో ఎండకు రేకు కాలగానే అది పలచబడి బయటికి వచ్చింది, కిందికి కారింది, జిగురును తినేసింది. ఫిల్మ్‌ను ప్రేమతో చంపారు ఆ డ్రైవర్లు.

షెడ్డులోనే రిజిస్టరు తీసి నా రాతను నేనే చూసుకున్నాను. ఆరు లారీలకూ ‘ఉపరితలం’ అనే గడి ఉంది. ఆరు గడుల్లోనూ నా చేతిరాతే: ‘చాలా శుభ్రం’. రెండింటి దగ్గర ‘చాలా’ కింద గీత కూడా గీశాను. ఆ మెరుపు చూసి మెచ్చుకున్నదాన్నే గాని, ఎలా వచ్చిందని అడగలేదు. లారీని ఏ గుడ్డతో తుడుస్తారో ఈ దేశంలో రోడ్డు పక్కన నిలబడ్డ ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. పని ఎలా చేయాలో నేను వరసగా రాసిపెట్టిన పద్ధతి కాగితంలో మాత్రం ఆ ప్రశ్న లేదు.

రవాణా కంపెనీ మెయింటెనెన్స్ మేనేజరు దగ్గరకు యజమానితో కలిసి ఈ సంగతి తీసుకువెళితే ఆయన నవ్వాడు.

“డీజిలా? మేడం, ఇరవై ఏళ్ళుగా మా బండ్లు డీజిల్‌తోనే తుడుస్తున్నారు. పెయింటుకు ఏమీ కాలేదు. మీ ఫిల్మ్‌కే అయిందంటే మీ ఫిల్మే వేస్ట్, లేదా మీవాడే వేస్ట్. రెండింట్లో ఏదో ఒకటి రాసివ్వండి.”

“రెండూ కాదు. డీజిలు గుడ్డ ఇంకా తగలని కొత్త లారీ ఒకటి ఇవ్వండి. ఎడమవైపు మీ డ్రైవరు ఎప్పటిలాగే డీజిలుతో రుద్దుతాడు. కుడివైపు సబ్బునీళ్ళు మాత్రమే. రెండు వైపులా ఫిల్మ్ అంటించేది ఆ పెయింటరే. ఢిల్లీ దాకా పంపి రప్పించండి.”

“మళ్ళీ అతనేనా? వేరేవాణ్ణి పెట్టరాదూ?”

“వేరేవాణ్ణి పెడితే మీకు ఏమీ తెలియదు. నాకూ తెలియదు.”

ఆయన మా యజమాని వంక చూశాడు. యజమాని తన చెప్పుల వంక చూసుకున్నాడు. చివరికి, ఎలాగూ పాడైన బండ్లకు తోడు ఇంకొకటి అనుకున్నాడేమో, ఒక్క ట్రిప్పుకు ఒప్పుకున్నాడు.

ఆ ఏడో లారీని జనగామ డ్రైవరే తెచ్చాడు. ఎడమవైపు రుద్దుతున్నంతసేపూ పొంగిపోయాడు. కుడివైపు సబ్బునీళ్ళతో ఆపమంటే ముఖం ముడుచుకున్నాడు. “సగం తానం జేపిచ్చి పెండ్లికి తోలుతున్నరు,” అన్నాడు పెయింటరన్నతో. “నీ పెండ్లి గాదులే, నాది,” అన్నాడు పెయింటరన్న. మూడు రోజులు అంటించాడు. ఆ మూడు రోజులూ ఆ ఒక్కటి తప్ప ఇంకొక ఎగతాళి మాట ఆయన నోట రాలేదు. ప్రతి రివెట్టునూ రెండుసార్లు తడిమాడు. రెండు వైపులా నేను ఒకే థర్మామీటరుతో, ఒకే గంటలకు, ఒకే విధంగా కొలతలు రాశాను.

లారీ వెళ్ళి పదకొండో రోజున తిరిగి వచ్చింది. కంపెనీ యార్డులో మేనేజరు, మా యజమాని, పెయింటరన్న, నేను, దిగిన డ్రైవరు. ముందు ఎడమవైపు చూశాము. నేను చెప్పనక్కర లేకపోయింది: రివెట్ల వరసల కింద అవే అర్ధచంద్రాలు, అతుకుల కింద అవే నాలుకలు. డ్రైవరు తల పట్టుకున్నాడు. “హరే! నేను జేసిన తానమేనా ఇది!”

కుడివైపు నున్నగా, బిగుతుగా ఉంది. భూగోళం గుండ్రంగా, తీగలు తెల్లగా. వెనక తలుపు దగ్గర, కింది మూల మాత్రం అరచేయి వెడల్పున పొర లేచింది.

మేనేజరు వేలు దాని మీదికి వెళ్ళింది. “మరి ఇదేంటి మేడం? ఇటువైపు డీజిల్ లేదు కదా?”

వంగి చూశాను. అంచు నుంచి లోపలికి లేచింది. జిగురు గట్టిగానే ఉంది, వాసన లేదు. అర్థం ఒక్కటే. ఆ క్షణంలో అబద్ధానికి చోటుంది. తలుపు గడియ రాసుకుందనో, లోడింగులో తాడు తగిలిందనో అనవచ్చు. యార్డులో ఎవరూ కాదనగలిగేవారు కాదు. నేను తలెత్తేలోపే పెయింటరన్న మాట్లాడాడు.

“గది నాదే. ఆ మూలకు చెయ్యి అందలే, మోకాళ్ళ మీద కూసొని అదిమిన, సరిగ పట్టలే. రాయండి మేడం. పేరు వెట్టి రాయండి. కాని గా ఎడమదిక్కు నాది గాదు. ఆరు బండ్లు నాయి గావు. గది సుత రాయండి.”

మేనేజరు డ్రైవరు వైపు తిరిగాడు. “అంటే మీరే చేశారన్నమాట. ఆరుగురికీ చెప్తా మీ సంగతి.”

డ్రైవరు ముఖం పాలిపోయింది. ఒక పేరును ఉత్తరంలోంచి తీసి ఆరు పేర్లు ఎక్కించడానికి నేను ఇంత దూరం రాలేదు.

“వాళ్ళకు ఎవరూ వద్దని చెప్పలేదు,” అన్నాను. “చెప్పవలసింది నేను. లారీ ఎలా తుడిచి తేవాలో నా కాగితంలో లేదు. అడగవలసిన చోట నేను ‘చాలా శుభ్రం’ అని రాశాను. మీకు తప్పకుండా ఒక పేరు కావాలంటే నా పేరు రాసుకోండి. నేను సంతకం పెట్టే కాగితంలో మాత్రం కారణం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.”

“మీరు చాలా మొండిగా ఉన్నారు మేడం.”

“అవును సార్.”

రిపోర్టు ఆ సాయంత్రమే యార్డు ఆఫీసులో చేత్తో రాశాను. రెండు పేజీలు. మొదటి పేరాలో నా పొరపాటు, రెండో పేరాలో డీజిలు, అర్ధచంద్రాల బొమ్మ, మూడో పేరాలో కుడివైపు మూల, దాని కొలత, అది పెయింటరుదని. సంతకం చేశాను. మా యజమాని చాలాసేపు చదివాడు. ఇంగ్లీషు ఆయనకు అంతగా రాదు, కాని ఎక్కడ ఏ పేరు ఉందో చూడగలడు. తరువాత బ్యాగులోంచి దుకాణం రబ్బరు స్టాంపు తీసి, నా సంతకం పక్కన గట్టిగా వేశాడు. “పొయ్యేది ఎట్లనో పోతది. జెర నిజం చెప్పి పోనీ,” అన్నాడు. ఆయన నుంచి నేను ఎదురుచూడని మాట అది.

టైపు చేసిన ఉత్తరాన్ని ఆయనే నాలుగు ముక్కలుగా చింపాడు. పాడైన ఆరు లారీలకూ మా ఖర్చు మీదే మళ్ళీ వేస్తామన్నాము. డీజిలు పూర్తిగా దిగేదాకా సబ్బునీళ్ళతో కడగడం, ఎండలో నిలపడం, అతుకులు తుడవడం, మళ్ళీ ఎండలో నిలపడం. ఒక్కొక్క లారీకి వారం పట్టింది. మిగిలిన లారీల పని మాకే ఉంచడానికి మేనేజరు ఒక్క షరతు పెట్టాడు: లారీ షెడ్డుకు వచ్చిన గంటలో పని మొదలు కావాలి. నేను ఒప్పుకోలేదు. లారీని చూసి, ముట్టుకుని, సరే అన్నాకే పని మొదలవుతుందన్నాను. ఎవరు సరే అనాలని అడిగాడు. ఫిల్మ్ అంటించే మనిషి, అన్నాను. ఆ వాక్యాన్ని పద్ధతి కాగితంలో మొదటి వాక్యంగా రాసి ఆయన చేత కూడా సంతకం పెట్టించాను.

కొత్త విడతలో మొదటి లారీ షెడ్డు గేటు దగ్గరకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దుటి ఎండలో ఇత్తడి చెంబులా మెరుస్తోంది. డ్రైవరు కొత్తవాడు, జనగామ మనిషి కాదు. గర్వంగా హారను కొట్టాడు. పెయింటరన్న లేచి వెళ్ళి, డబ్బా మధ్య అతుకు కింద చూపుడువేలు పెట్టి ఒక జానెడు మేర లాగాడు. వేలును వాసన చూశాడు. గేటు తలుపు రెండో రెక్క కూడా మూసేశాడు.

“తీస్కపో. సబ్బుతోని కడిగి, రెండు దినాలు ఎండల వెట్టి తే.”

“ఏంది? కంపెనీ పంపింది నన్ను! లోపల మేడం ఉన్నది గదా, ఆమెను పిలువు. నువ్వెవడివి చెప్పనీకి?”

“అంటించేటోణ్ణి.”

లోపల ఫోను మోగింది. మేనేజరే, లారీ చేరిందా, పని షురూ అయిందా అని. చేరింది, తిప్పి పంపుతున్నాము, అన్నాను. ఎవరు పంపమన్నారని ఆయన అరిచాడు. రిసీవరును కిటికీ దాకా లాగి గేటు వైపు చూశాను. డ్రైవరు గొణుక్కుంటూ రివర్సు గేరు వేస్తున్నాడు; పెయింటరన్న లారీ వెనక నిలబడి, హద్దురాళ్ళకు తగలకుండా, చేయెత్తి దారి చూపిస్తున్నాడు.

“మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది సార్,” అన్నాను. “మొదటి వాక్యం.”